చిన్న సైజు అడిగిన మనిషి

ఈ మధ్య మా మేడ మీద వాటాలో అద్దెకుండే అమ్మాయి నా దగ్గరికొచ్చి ఫోన్లో ఆడవాళ్ళు ఒంటరిగా వాడుకునే రబ్బరు వస్తువుల బొమ్మలు చూపించింది. పెళ్ళయిన పిల్ల. మొగుడు ఓడ మీద ఉద్యోగం, ఏడాదిలో సగం ఇంట్లో ఉండడు. "ఆంటీ, మీరు సర్జికల్ షాపులో పనిచేశారట కదా, వీటిలో ఏ సైజు తీసుకోమంటారు?" అంది. అడగడానికి ఆ పిల్ల సిగ్గుపడలేదు, చెప్పడానికి నేనూ సిగ్గుపడలేదు. అన్నిటికంటే చిన్నది తీసుకోమన్నాను. చాలదనిపిస్తే తర్వాత ఇంకోటి కొనుక్కోవచ్చు, మొదటే పెద్దది తెచ్చుకుని నొప్పి పడితే చిన్నదాని మీద కూడా భయం పట్టుకుంటుందన్నాను. ఆమె ఆశ్చర్యపోయింది. కొన్నవాళ్ళు కింద రాసిన అభిప్రాయాల్లో అందరూ పెద్దదే గొప్పదన్నారట. అలా రాసినవాళ్ళలో ఆడవాళ్ళెంతమందో చూడమన్నాను. వేలితో పైకీ కిందకీ జరిపి చూసి, అన్నీ మగపేర్లేనండీ అంది. నేను ఆ షాపులో చూసి నలభై ఏళ్ళయింది, మనవాళ్ళ బుర్రలు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి.

అందుకే ఇది రాస్తున్నాను. ఇలాంటివి చదివితే పాపమనుకునేవాళ్ళు ఇక్కడితో ఆపి టీ తాగి రావచ్చు. మిగతావాళ్ళు, ముఖ్యంగా కొత్తగా పెళ్ళయినవాళ్ళు, చదవండి.

నేను పనిచేసింది పెద్దాసుపత్రి ఎదురు సందులో ఒక సర్జికల్ దుకాణంలో. డెబ్భైల మధ్యలో చేరాను. మా అమ్మకి పక్షవాతం రావడంతో నర్సు ట్రైనింగు సగంలో మానేశాను, ఆ సగం చదువు చూసే ఓనరు నన్ను పెట్టుకున్నాడు. కాన్పు తర్వాత కట్టుకునే పొట్ట బెల్టులు, నడుం పట్టీలు, రొమ్ము ఆపరేషన్ అయినవాళ్ళు లోపల పెట్టుకునే మెత్తలు, ఇవన్నీ ఆడవాళ్ళకి సరిచూసి ఇవ్వడానికి ఆడమనిషి కావాలి కదా. దుకాణం వెనక మూల ఒక పచ్చ పరదా కట్టి, లోపల స్టూలు వేసి, ఇది నీ డిపార్టుమెంటు అన్నాడు. అదేదో పోర్టు ట్రస్టునే నాకు రాసిచ్చినట్టు చెప్పాడు.

ఆ దుకాణానికో ఆనవాయితీ ఉండేది. ఎవరూ పెట్టింది కాదు, దానంతటదే ఏర్పడింది. మొగుడూ పెళ్ళాలు వస్తే మొగుడు లోపలికి వస్తాడు, పెళ్ళాం మెట్ల మీద నిలబడుతుంది. బెల్టు ఆమెకి, నడుం ఆమెది, నొప్పి ఆమెది, సైజు మాత్రం ఆయన చెబుతాడు. "మా ఆడోళ్ళు కొంచెం ఒళ్ళుగుంతారండీ, పెద్దదే ఇచ్చీయండి" అంటాడు. నేను మెట్ల దాకా వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని పరదా వెనక్కి తీసుకురావాల్సి వచ్చేది. అదేదో నేను ఆయన పరువు తీసినట్టు మొహం పెట్టేవాడు. పోర్టు ఆఫీసులో పెద్ద ఉద్యోగస్తుల దగ్గర్నించి మూటలు మోసేవాళ్ళ దాకా ఈ విషయంలో అందరిదీ ఒకటే కులం.

ఇక అసలు సరుకు సంగతి. బెల్టుల అలమారా కింద తాళం వేసే సొరుగు ఒకటుండేది. ఓడల మీద నుంచి దిగిన మనుషులు సిగరెట్లూ, సెంటు సీసాలూ, గడియారాలతోపాటు మరికొన్ని వస్తువులు కూడా తెచ్చి గుట్టుగా అమ్ముకునేవారు. రబ్బరువి, ఆడవాళ్ళ సుఖానికని తయారు చేసినవి. మా ఓనరు వాటిని న్యూస్ పేపర్లో చుట్టి ఆ సొరుగులో దాచేవాడు. వాటికి మా దుకాణంలో పేరు ఓడ సరుకు. ఉదయం వస్తూనే దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి, అదే చేత్తో సొరుగు తాళం తీసి సరుకు ఉందో లేదో చూసుకునేవాడు. బయటికి మాత్రం పెద్దమనిషి. మా ఎదుట ఎవరైనా బూతు మాట అంటే చెవులు మూసుకునేవాడు.

ఆ సరుకు కోసం వచ్చేవాళ్ళు ఎవరనుకున్నారు? మగమహారాజులే. దుకాణంలో వేరే బేరం లేని వేళ చూసి, కౌంటరు మీదికి వంగి, గొంతు తగ్గించి అడుగుతారు. నన్ను చూసి దగ్గుతారు. నేను దూది ఉండలు లెక్కపెడుతున్నట్టు అటు తిరుగుతాను, కానీ చెవులు ఇటే ఉంటాయి. ఓనరు రెండు మూడు తీసి వరసగా పెడతాడు. అన్నేళ్ళలో ఒక్కడి చెయ్యి కూడా చిన్నదాని మీదికి పోగా చూడలేదు. పెద్దదాన్ని ఎత్తి, బరువు చూసి, ఏదో సొంత పొలం చూసుకున్నట్టు మురిసిపోతాడు. చిన్నది తీసుకుంటే ఓనరు తన గురించి ఏమనుకుంటాడో అని భయం. ఓనరు ఏమనుకుంటే ఏం, అది వాడుకునేది ఓనరు కాదు కదా అని నాకు అరవాలనిపించేది. అది పట్టుకెళ్ళి ఆ ఇల్లాలికి ఇస్తే, ఆమె ఒకసారి నొప్పి భరించి, దాన్ని పెట్టె అడుగున పారేసి, జీవితాంతం ఆ విషయం ఎత్తకుండా ఊరుకుని ఉంటుంది. అది అలా పడి ఉందని కూడా ఆ మహానుభావుడికి తెలిసి ఉండదు.

ఆ సొరుగు దగ్గరికి తనకోసం తానే వచ్చిన ఆడమనిషిని ఒక్కర్తెనే చూశాను. రేవులో చేపలమ్మే మనిషి, వయసు నలభై పైన. భర్త చాలాకాలం కిందే వేటకి పోయి తిరిగి రాలేదని తర్వాత చెప్పింది. ఖాళీ గంప మెట్ల మీద పెట్టి తిన్నగా లోపలికొచ్చింది. ఓడ సరుకు ఉందటగా, చూపించమంది. ఓనరు మొహం కందిపోయింది. గోడ మీద క్యాలెండరు కేసి తిరిగి, నువ్వు చూడమ్మా అని నాకు తాళం ఇచ్చాడు. నేను ఉన్న మూడు సైజులూ తీసి పెట్టాను. ఆమె పెద్దవాటిని పక్కకి తోసేసింది.

"ఇయ్యెందుకమ్మా, నానేటి యుద్దానికెల్లాలా? సిన్నది సూపించు. మెత్తగుండాల, కరుకుండకూడదు. ఉడకబెడితే ఉంతాదా, కరిగిపోతాదా?"

చిన్నదాన్ని బొటనవేలితో నొక్కింది, వంచి చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. అంచులో ఎక్కడైనా గీరుకుంటుందేమోనని చెంపకి రాసి చూసుకుంది. ఆ తర్వాత బేరమాడింది, గెలిచింది, పేపర్లో చుట్టి నడుం దగ్గర దోపుకుని గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఒక వస్తువు ఎలా కొనాలో ఆ దుకాణంలో తెలిసిన గిరాకీ ఆమె ఒక్కర్తే. ఓనరు మాత్రం రెండు రోజులు కాలం చెడిపోయిందని గొణుక్కుంటూ తిరిగాడు.

ఇప్పుడు చెప్పబోయేది ఎనభైల మొదట్లో జరిగింది. స్టీల్ ప్లాంటు కట్టుబడి నడుస్తోంది. ఊరి చుట్టుపక్కల పల్లెల కుర్రాళ్ళందరూ పొలాలొదిలి అటు కూలిపనులకో, ఆటోనగర్ షెడ్లలో పనులకో వస్తున్నారు. అలా సబ్బవరం పక్క పల్లె నుంచి వచ్చినవాడే నేను చెప్పబోయే కుర్రాడు. ఆటోనగర్లో లేత్ యంత్రం మీద ఇనుము చెక్కే టర్నరు. పనిమంతుడని పేరు. పెళ్ళయి ఏడాది కావస్తోంది. గాజువాక దగ్గర ఒక గదిలో కాపురం పెట్టాడు, కాపురం మాత్రం మొదలవలేదు. ఆ అమ్మాయికి భయం, నొప్పి. అతను దగ్గరికొస్తే చాలు ఒళ్ళంతా బిగుసుకుపోయేది.

ఎవరో చెబితే ఆడ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆ డాక్టరమ్మ మంచిది. పిల్లకి ఏ లోపమూ లేదు, భయంతో కండరాలు బిగుస్తున్నాయి, అంతే అని చెప్పింది. ఇలాంటివాళ్ళకి డైలేటర్లని ఒక సెట్టు ఉంటుంది. చిటికెన వేలంత సన్నటి దాని నుంచి వరసగా కొంచెం కొంచెం లావయ్యే నున్నటి కడ్డీలు. అన్నిటికంటే చిన్నదానితో మొదలుపెట్టి, అది ఏ ఇబ్బందీ లేదనిపించాకే తర్వాతది. తొందర పనికిరాదు. అలా శరీరానికి భయం పోతుంది. ఈ ముక్కే చెప్పి, సెట్టు కొనుక్కోమని పంపింది.

వాళ్ళు మా దుకాణానికి వచ్చిన పూట నేను లేను. రైల్వే పార్సిలు ఆఫీసులో ఆక్సిజన్ గొట్టాల పెట్టె విడిపించడానికి వెళ్ళాను. ఆ సెట్లు మా దగ్గర అప్పటికి లేవు, మద్రాసు నుంచి తెప్పించాలి. ఆ మాటే చెప్పి పంపితే ఓనరు సొమ్మేం పోయేది కాదు. కానీ వచ్చిన గిరాకీని ఖాళీ చేతులతో పంపితే ఆయనకి అన్నం అరగదు. అదే పని చేసేది, పైగా ఫారిన్‌ది అంటూ సొరుగు తెరిచాడు. అమ్మాయి ఆనవాయితీ ప్రకారం మెట్ల మీదే ఉంది. కుర్రాడు రెండు చూశాడు. ఏది ఎత్తాడో మీకు చెప్పక్కర్లేదు. సాయంత్రం ఓనరు నాతో ఆ బేరం గురించి గొప్పగా చెప్పుకున్నాడు. చిన్నదానితో మొదలెట్టాలని డాక్టరమ్మ చెప్పలేదా అంటే, కొనేవాడి ఇష్టం, మనకెందుకు అన్నాడు. వాళ్ళు ఎక్కడివాళ్ళో, పేరేమిటో కూడా అడగలేదట.

ఆ తర్వాత కొన్ని వారాలకి, ఎండ మండిపోతున్న మధ్యాహ్నం, ఒక అమ్మాయి ఒంటరిగా మెట్లెక్కి వచ్చింది. పేపర్లో చుట్టిన పొట్లం కౌంటరు మీద పెట్టి, ఇది మాకొద్దండీ, వెనక్కి తీసుకోండి అంది. ఓనరు పొట్లాన్ని చూసి గుర్తుపట్టాడు. వాడిన సరుకు వెనక్కి తీసుకునేది లేదన్నాడు.

"వాడనేదండీ. వాడబోతే రగతం ఒచ్చింది" అంది.

నీ పెనిమిటిని పంపించు, ఆడవాళ్ళతో ఇలాంటి మాటలు నేను మాట్లాడను అని ఓనరు క్యాలెండరు కేసి తిరిగాడు. అమ్మేటప్పుడు లేని మర్యాద అప్పుడు ముంచుకొచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల భుజం మీద చెయ్యేసి పరదా వెనక్కి తీసుకెళ్ళి స్టూలు మీద కూర్చోబెట్టాను, మంచినీళ్ళిచ్చాను. రక్తం సంగతి డాక్టరమ్మకి చూపించావా అంటే, చూపించాననీ, చిన్న గీత పడింది మానిపోయిందని చెప్పిందనీ అంది. అప్పుడు మిగతాది చెప్పింది.

ఆమె అత్తవారింట్లో పెత్తనమంతా భర్త పెదనాన్నది. ఊళ్ళో పదిమంది తగువులు తీర్చే పెద్దమనిషి. ఏడాదవుతున్నా కడుపు పండలేదేమని ఆరా తీసి, సంగతి తెలుసుకున్నాడు. ఊడుపులు అయ్యాక తనే వచ్చి, ఈ పిల్ల కాపురానికి పనికిరాదని డాక్టరు నోటితో అనిపించి, పుట్టింటికి దింపేసి, ఇంకో సంబంధం చూస్తానని తేల్చేశాడు. ఆ సంబంధం కూడా ఖాయం చేసుకుని ఉంచాడట.

మీ ఆయనేమంటాడు అని అడిగాను.

"ఆయన మంచోడేనక్కా. కొట్టడు, తిట్టడు. కానీ ఏటీ అడగడు. ఆ వస్తువు తెచ్చినప్పుడు కూడా, నీకిది సరిపోద్దా అని అడగనేదు. పనికి రానిదాన్ని నానే అనుకున్నాను" అంది.

ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. ఏడ్చే ఓపిక కూడా అయిపోయినట్టుంది. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అదీ కోపంతో.

ఆ రోజుల్లో ఇంజెక్షన్ సిరంజీలు గాజువి. మా దుకాణంలో అన్ని సైజులూ ఉండేవి. పిల్లలకి వేసే సన్నటి వాటి నుంచి ఆసుపత్రివాళ్ళు వాడే లావాటి వాటిదాకా తీసి, తెల్ల తువ్వాలు పరిచి వరసగా పెట్టాను. ఇవి వాడటానికి కాదమ్మా, గాజు పగులుతుంది, కొలత చూసుకోవడానికి మాత్రమే అని ముందే చెప్పాను. ఏది చూస్తే నీకు భయం వెయ్యదో అది చూపించమన్నాను. చాలాసేపు చూసింది. సన్నటిదాన్ని తాకింది. మరి దాని తర్వాత, ఎప్పటికో, అలవాటైతే, అన్నాను. ఇంకోటి చూపించింది. అలా నాలుగు పక్కకి తీసింది. నాలుగోదాన్ని చూపించేటప్పుడు మొదటిసారి చిన్నగా నవ్వింది. ఏమో, ఎప్పటికో అంది. ఏడాదిగా ఆ పిల్ల శరీరం గురించి అందరూ మాట్లాడారు, ఆమె కొలత ఆమెని అడగడం అదే మొదలు.

మద్రాసు సెట్టు రావడానికి నెల పట్టచ్చు, రాకపోనూ వచ్చు. మీ ఆయన చేసే పనేమిటని అడిగితే లేత్ పని అంది. ఆ మాట వినగానే నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. రేపు వెంటబెట్టుకుని రమ్మన్నాను.

మర్నాడు వచ్చారు. ఈసారి అమ్మాయిని లోపలికి రమ్మని, అతన్ని మెట్ల మీదే కాసేపు నిలబెట్టాను. ఎండ తగిలితే ఎలా ఉంటుందో తెలియాలని. తర్వాత పిలిచాను. చొక్కా జేబులో కొలిచే వెర్నియర్ పెట్టుకుని తిరిగే మనిషి. తిరిగే షాఫ్టుకి తొడిగే బుష్షు ఎలా చేస్తావు బాబూ అని అడిగాను. పని సంగతి ఎత్తగానే మొహం వెలిగింది. షాఫ్టుని మూడుచోట్ల కొలుస్తామండీ, వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేస్తుందండీ అని వివరంగా చెప్పాడు. షాఫ్టుని చూడకుండా, కొలవకుండా బుష్షు చేస్తావా అన్నాను.

"ఎవడు సేత్తాడండీ, పనికిమాలినోడు తప్ప" అన్నాడు.

సొరుగు కేసి చూశాను, అంతే. అతని మొహంలో వెలుగు పోయింది. కాసేపటికి తేరుకుని, ఏదో అర్థమైనట్టు, కన్నం పెట్టేటప్పుడు కూడా ముందు చిన్న డ్రిల్లే వాడతామండీ అని మొదలెట్టాడు. నోరు ముయ్యమన్నాను. ఆమె ఇనుము కాదు, నీ ముందు నిలబడ్డ మనిషి, నోరున్న మనిషి అన్నాను. తలొంచుకున్నాడు. అప్పుడు తువ్వాలు మీద నాలుగు సిరంజీలూ పెట్టి, ఇవి మీ ఆవిడ ఎంచుకున్నవి, వీటి లావు కొలుచుకో అన్నాను. వాళ్ళ షెడ్డులో బుష్షులకి వాడే తెల్ల నైలాన్ కడ్డీ ఉందట. దాంతో చెయ్యవచ్చా అని నేను డాక్టరమ్మని అడిగి వచ్చాను. ఆమె ఫక్కున నవ్వి, చెయ్యవచ్చుగానీ మొన గుండ్రంగా ఉండాలి, ఎక్కడా గీత తగలకూడదు, లోపలికి జారిపోకుండా వెనక చివర గుండీలా వెడల్పుండాలి, వాడే ముందు ఉడకబెట్టుకోవాలి, జారుడుకి జెల్లీ రాసుకోవాలి అని అన్నీ చెప్పింది.

అతను వారంలో చేసుకొచ్చాడు. పనితనానికి వంక పెట్టలేను. అద్దంలా ఉన్నాయి. షెడ్డులో తోటివాళ్ళు అడిగితే పడవ ఇంజను సామానని చెప్పాడట. ఏ పడవరా బావా, మేమెప్పుడూ చూడలేదు అని వాళ్ళు ఏడిపించారట. సిరంజీ పక్కన మొదటిదాన్ని పెట్టి చూశాను. లావుగా ఉంది. రెండోదీ అంతే. నాలుగూ అంతే. వెంట్రుకవాసి తేడా ఒప్పుకోని మనిషి నాలుగింటికీ తన తరఫున కలిపాడు. ఇదేమిటంటే నసిగాడు. మరీ చిన్నదైతే బాగోదనిపించిందండీ అన్నాడు. ఎవరికి బాగోదు అని అడిగాను. ఈ మగజాతిని లేత్‌కి బిగించినా బాగుపడదని నాకు ఆ క్షణాన గట్టిగా అనిపించింది.

నేను ఇంకో నాలుగు అనేదాన్నే. ఈలోపు ఆ పిల్ల ముందుకొచ్చి నాలుగు ముక్కలూ అతని చేతిలో పెట్టింది.

"నాను సూపించినవి ఇవి కావు" అంది.

గట్టిగా కూడా అనలేదు. కానీ పెళ్ళయినప్పటి నుంచి అతనితో ఆమె కాదు అన్న మొదటి మాట అదే అయి ఉంటుంది. అతను ఆమె మొహం చూశాడు, చేతిలో ముక్కలు చూశాడు. పెద్దదాన్ని అయితే తగ్గించొచ్చులెండి అని నాతో అన్నాడు. నాతో కాదు, ఆమెతో చెప్పు అన్నాను. ఆమెతో చెప్పాడు. మర్నాటికి తగ్గించి తెచ్చాడు. ఈసారి సరిగ్గా సిరంజీల లావే.

ఓనరు ఆ సెట్టు చూసి ముచ్చటపడ్డాడు. ఇలాంటివి ఓ డజను చేయించు, ఫారిన్‌వని చెప్పి అమ్ముదాం అన్నాడు. చిన్న సైజులెందుకు, పెద్దవి చేయిస్తే చాలదా అని కూడా అన్నాడు. ఆయనకి ఏం చెప్పాలో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ అమ్మాయి అప్పుడప్పుడూ జెల్లీ కోసం వచ్చేది. ఒక్కర్తే మెట్లెక్కి లోపలికొచ్చేది. మొదటిది అయిందక్కా అని ఒకసారి చెప్పింది. ఇంకొన్నాళ్ళకి రెండోదంది. ఇదివరకు అతను మొహం ముడుచుకుని అటు తిరిగి పడుకునేవాడట, ఇప్పుడు మాట్లాడతాడట. ఏమని మాట్లాడతాడని అడిగితే, నొప్పెడతాందా అని అడుగుతాడు అని చెప్పి సిగ్గుపడింది. అంతకంటే మంచి మాట ఏ మొగుడు మాట్లాడతాడు?

ఊడుపులు అయిపోయాయి. అన్నట్టే పెదనాన్న దిగాడు. ముందు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. పిల్లలో ఏ లోపమూ లేదు, బాగవుతోంది, కొన్నాళ్ళు ఓపిక పట్టండి, పనికిరాదని నా నోటితో అనిపించుకోవాలని వస్తే బయటికి నడవండి అని ఆమె తెగేసి చెప్పిందట. పెద్దాయనకి అది చాలలేదు. ఆడ డాక్టరు ఆడదాని పక్షమే మాట్లాడుతుందనుకున్నాడు. ఆ వస్తువు అమ్మిన మగమనిషిని అడిగితే నిజం తేలుతుందని, తమ్ముడి కొడుకునీ కోడలినీ వెంటబెట్టుకుని మా దుకాణానికి వచ్చాడు.

తెల్ల పంచె, భుజం మీద కండువా. కౌంటరు ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. కుర్రాడు పక్కన నిలబడ్డాడు. అమ్మాయిని మెట్ల మీద ఉండమన్నాడు పెద్దాయన, ఉంది. సంగతేమిటో మగాళ్ళం మగాళ్ళం మాట్లాడుకుందామన్నాడు. మా ఓనరు ఇలాంటి గౌరవం కోసమే ఎదురుచూస్తున్నట్టు సర్దుకుని కూర్చున్నాడు. నేనైతే శ్రేష్ఠమైన సరుకే ఇచ్చానండీ, ఫారిన్‌ది, దానితోనే కాలేదంటే లోపం ఎవరిలో ఉందో మీకు నేను చెప్పాలా అన్నాడు. తను అమ్మిన రబ్బరు ముక్క కొలత బట్టి ఒక పిల్ల బతుకు మీద తీర్పిచ్చేశాడు. పెద్దాయన తల ఊపాడు. చూశావురా అన్నట్టు కుర్రాడి వైపు తిరిగాడు. అయితే రేపే దింపేద్దాం, సామాను సర్దించు అన్నాడు.

నా ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను. ఆ సరుకు ఎవరి కొలతకి ఇచ్చారండీ, ఆ పిల్ల అప్పుడు మెట్ల మీదుంది, ఎవరైనా అడిగారా అని ఓనరుని అందరి ముందూ నిలదీశాను. ఓనరు క్యాలెండరు కేసి తిరిగాడు. పెద్దాయనకి మాత్రం కోపమొచ్చింది. ఇది మా ఇంటి విషయం, నువ్వెవరమ్మా అన్నాడు. నిజమే, నేనెవర్ని? బెల్టులు బిగించే మనిషిని. కానీ ఆయన మాత్రం ఎవరు? నొప్పి ఆయనకా? ఆ ముక్క కూడా అనేశాను.

ఈ గొడవలో ఆ అమ్మాయి మెట్లెక్కి లోపలికొచ్చింది. ఎవరూ పిలవలేదు. మొగుడి పక్కన నిలబడింది. పెద్దాయన ఆమె కేసి చూడకుండా కుర్రాడినే అడిగాడు. ఇంతమందిలో నా పరువు తీయక ఒక్క ముక్క చెప్పు, ఈ పిల్లతో నీకు కాపురం అవుతుందా అవదా అన్నాడు. ఆ కుర్రాడు పెదనాన్న ఎదట ఎప్పుడూ నోరెత్తి ఉండడు. అవదంటే ఆ పిల్ల రేపే పోతుంది. అవుతుందంటే, రుజువేదంటాడు ఆయన. కుర్రాడు జేబులో వెర్నియర్ పట్టుకున్నాడు, వదిలేశాడు.

"నన్నడిగితే ఏటి తెలుస్తాది పెదనాన్నా. ఆమిని అడగండి" అన్నాడు.

పెద్దాయన అప్పటికి కోడలి వైపు తిరిగాడు. నోరు తెరిచాడు. ఊరందరి తగువులూ తీర్చిన మనిషి, ఎన్నో ప్రశ్నలు అడిగి ఉంటాడు, పొలం గట్ల గురించి, పశువుల గురించి, పెళ్ళిళ్ళ గురించి. ఒక ఆడపిల్లని ఆమె శరీరం గురించి అడగడానికి ఆయన దగ్గర మాట లేదు. నోరు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు. మేమందరం అలాగే నిలబడి చూశాం. సాయం చేద్దామని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

చివరికి ప్రశ్న రాకుండానే ఆ అమ్మాయి జవాబు చెప్పింది.

"నాను ఎల్లను మావా. మూడయ్యాయి, ఇంకోటి ఉంది."

ఏటి ఉంది, ఏటి మూడయ్యాయి అని పెద్దాయన ఒకరి తర్వాత ఒకరిని అడిగాడు. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి మెట్లు దిగింది. కుర్రాడు పెదనాన్నకి ఒక దండం పెట్టి, ఆమె వెనకే దిగి వెళ్ళిపోయాడు.